నాన్నకొండ దగ్గింది

ఇది చిన్న కథ. మా బ్రేకులాయన ఒకరోజు వాళ్ళ అత్తగారిని వీపున ఎక్కించుకుని కొండెక్కాడు. చెప్పాల్సింది అంతే. మీ చేతిలో టీ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే అల్లుడన్నవాడు అత్తగారిని ఎందుకు మోశాడో చెప్పకపోతే, ఆయన మంచివాడని మీరు పొరబడే ప్రమాదం ఉంది. అందుకని కాస్త వెనక్కి వెళ్దాం.

మా ఊరు ఘాట్ రోడ్డు నడుమ ఒక మలుపులో ఇరుక్కుని ఉంటుంది. పైనుంచి దిగే లారీలు ఇక్కడికి వచ్చేసరికి చక్రాల్లోంచి పొగలు కక్కుతుంటాయి. డ్రైవర్లు దూకి బకెట్లతో నీళ్ళు కొట్టబోతారు. "కాలిన బ్రేకు డ్రమ్ము మీద నీళ్ళు పడితే పగిలి చస్తుంది, ఆగవయ్యా!" అని షాపులోంచి బ్రేకులాయన అరుస్తాడు. మా ఊరికి తెల్లారడమంటే ఆ అరుపే. బ్రేకు లైనర్లు మార్చడంలో ఆయన చేతికి తిరుగు లేదు. చెప్పిన రోజుకి బండి ఇవ్వడం మాత్రం ఆయన వంశంలోనే లేదు. ఆయన 'రేపు' అన్నాడంటే ఇంటికి కబురు పెట్టి, దుప్పటి తెచ్చుకోవాలి.

ఒక్క సందర్భంలో మాత్రం బండి అరగంటలో బాగయ్యేది. ఆయన భార్య స్వెట్టర్లు అల్లుతుంది. ఊరంతా ఊలమ్మ అంటాం. ఆవిడ ఏ డ్రైవరుకైనా టేపు పెట్టి ఛాతీ కొలత తీసిందంటే, ఈయన చేతులు మెషీన్లయిపోయేవి. ఆ మనిషి కొండ దిగిపోయేదాకా ఊపిరి పీల్చేవాడు కాదు. ఈ కిటుకు డ్రైవర్లు కనిపెట్టేశారు. బండి ఆపగానే ముందు ఊలమ్మ దగ్గరికెళ్ళి, "అమ్మా, స్వెట్టరుకి కొలత తీసుకోండి" అనేవారు. వాళ్ళలో స్వెట్టరు కొన్నవాడు లేడు. బ్రేకులు బాగుపడని వాడూ లేడు.

షాపు గుమ్మంలో అత్తగారు, అంటే ఊలమ్మ తల్లి, కూర్చునేది. మోకాళ్ళు పనిచెయ్యవు, చెవులు అంతంతమాత్రం, నోటికి మాత్రం ఏ లోపమూ లేదు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని పాత నట్లూ బోల్టులూ సైజుల వారీగా ఏరుతూ, వచ్చిన ప్రతివాడికీ పోయిన భర్త గురించి చెప్పేది. ఆయన ఈ రోడ్డుకి సొరంగం తవ్వే రోజుల్లో బండలు పేల్చే మేస్త్రీ. కొండచరియ విరిగి మీద పడి పోయాడు. అప్పటికి ఊలమ్మ చిన్నపిల్ల.

"మా ఆయన నన్ను తప్ప ఇంకో ఆడదాన్ని కన్నెత్తి చూసి ఎరగడు" అనేది అత్తగారు. "వానలకి ఇక్కడ పని ఆగిపోతే, నా కోసం, పిల్ల కోసం ఇంకెక్కడికో పోయి పని చేసుకొచ్చేవాడు. మనవాళ్ళూ ఉన్నారు, షాపు వదిలి సందు చివరికి పోరు."

ఆ చివరి మాట అల్లుడికి. పోయిన మామగారి మీద అసూయతో బ్రేకులాయన విరగ్గొట్టిన సుత్తి పిడులు షాపు వెనకాల గుట్టగా ఉండేవి. చలికాలంలో అవే వంటచెరకు.

ఇక కొండల సంగతి. ఊరి పైన ఒక చదునైన బండ ఉంది. దానికి అటూ ఇటూ రెండు కొండలు. బండ మీద నిలబడి అమ్మకొండ వైపు అరిస్తే మన మాటే వెనక్కి వస్తుంది, పోయిన అమ్మ గొంతుతో. అమ్మ బతికుంటే అమ్మమ్మ గొంతుతో. ఆ వెనకాల సన్నగా వాళ్ళమ్మా, వాళ్ళమ్మా అందుకుంటారు. నాన్నకొండ వైపు అరిస్తే నాన్న, తాత, ముత్తాత. అయితే నాన్నకొండ మగవాళ్ళకే పలుకుతుంది. ఆడవాళ్ళు ఎంత గొంతు చించుకున్నా గాలి తప్ప ఏమీ రాదు. నాన్న గొంతు వినాలనుకున్న ఆడది అన్ననో తమ్ముణ్ణో, కనీసం బాబాయి కొడుకునో బతిమాలి తీసుకెళ్ళి అరిపించాలి. మా ఊళ్ళో ఆడపిల్లలు అన్నదమ్ములతో గట్టిగా దెబ్బలాడకపోవడానికి కారణం ప్రేమ అనుకునేరు, అదేం కాదు. కొండ పలుకు బండ దాటి కిందికి రాదు. అరిచినవాడి అరుపు మాత్రం ఊరంతా వినిపిస్తుంది. బండ మీద నిలబడితే చెవిటివాళ్ళకీ కొండ వినిపిస్తుంది. అది అరికాళ్ళలోంచి ఎక్కుతుంది.

ఊలమ్మకి అన్నదమ్ములు లేరు. తండ్రి ఎక్కణ్ణుంచో ఒంటిగా వచ్చినవాడు, కాబట్టి బాబాయి కొడుకులూ లేరు. సాయంత్రం ఎండ అందరికంటే ఆలస్యంగా ఆ బండనే వదులుతుంది గనక ఆవిడ అక్కడే కూర్చుని అల్లుకునేది. పక్కింటి పిల్ల తన అన్నని వెంటేసుకుని వచ్చి, వాడిచేత అరిపించుకుని, "ఇవాళ మా నాన్న ఎంత బాగా పలికాడో!" అనుకుంటూ దిగిపోయేది. ఊలమ్మ నవ్వి తలూపేది. ఆ రోజు అల్లికలో ఎక్కడో ఒక కుట్టు జారిపోయేది. మా ఊళ్ళో చాలా స్వెట్టర్లకి చంక కింద చిల్లులుండేది అందుకే.

ఇలా ఉండగా ఒక వ్యాన్ వచ్చింది, చక్రాలు పొగలు కక్కుతూ. అందులోంచి ఒక డాక్టరమ్మా, చిన్న చిన్న సీసాల పెట్టె పట్టుకుని ఒక పొడుగు మనిషీ దిగారు. ఆయన్ని ఆ పూట నుంచే సీసాలాయన అన్నాం. ఈ కొండల్లో ఉండే జనం తల్లుల వైపు ఎక్కణ్ణుంచి వచ్చారు, తండ్రుల వైపు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఉమ్మిని పరీక్ష చేసి చెప్తామంది డాక్టరమ్మ. బడి వరండాలో బల్ల వేశారు. మేం వరసలో నిలబడి సీసాల్లో ఉమ్మాం. ఊరికే అడగాలే గాని, మేం దేనికైనా సిద్ధమే.

"ఆడవాళ్ళ ఉమ్మిలో తల్లి వైపు గుర్తే దొరుకుతుందమ్మా" అంది డాక్టరమ్మ. "తండ్రి వైపు గుర్తు తండ్రి నుంచి కొడుక్కే పోతుంది. ఇంట్లో అన్నదమ్ములుంటే పంపండి."

"ఆ సంగతి కొండ మాకెప్పుడో చెప్పిందిలెండి" అన్నారు ఆడవాళ్ళు.

హోటలాయన మాత్రం అందరికంటే ముందు నిలబడ్డాడు. "మా తాతలు ఈ కొండలతో పాటే పుట్టారు. మిగతావాళ్ళంతా తర్వాత వచ్చి చేరినవాళ్ళు. ఆ ముక్క కాస్త పెద్ద అక్షరాలతో రాయండి" అన్నాడు. తర్వాత ఫలితాలొచ్చాక తేలిందేమిటంటే, ఊళ్ళో ఆడా మగా అందరి తల్లుల వైపూ దాదాపు ఒకటే, అనాదిగా ఇక్కడిదే. తండ్రులే తలా ఒక దిక్కు నుంచి వచ్చారు, సిపాయిలుగా, బేరగాళ్ళుగా, రోడ్డు కూలీలుగా. అందరికంటే ఆలస్యంగా వచ్చింది హోటలాయన తాతలు. మాకు ఆశ్చర్యమేమీ లేదు. ఆయన నాన్నకొండకి అరిస్తే మూడో గొంతు నుంచే ఈ కొండల్లో ఎవరూ వినని యాస. ఆయనకి మాత్రం ఇప్పటికీ డాక్టరమ్మ సీసాలు తారుమారు చేసిందనే అనుమానం.

కథ పక్కదారి పట్టింది. బండ దగ్గరికి వద్దాం.

వచ్చిన సాయంత్రమే సీసాలాయన ఊరు చూద్దామని బండ మీదికెక్కాడు. ఊలమ్మ అల్లుకుంటోంది. ఆయనకి మా కొండల సంగతి తెలియదు. సరదాకి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నాన్నకొండ వైపు, "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు.

"ఎవరైనా ఉన్నారా?" అంది కొండ. అని, దగ్గింది.

సొరంగం దుమ్ము పట్టిన దగ్గు. మాట చివర రెండు పొడి దగ్గులు, తర్వాత గొంతు సవరించుకోవడం. ఊలమ్మ చేతిలో సూదులు ఆగిపోయాయి. తండ్రి మొహం ఆవిడకి సరిగ్గా గుర్తులేదు. ఆ దగ్గు గుర్తుంది. మంచం పక్కన కూర్చుని "పిట్టా, తిన్నావా?" అని అడిగి దగ్గేవాడు.

సీసాలాయన కొండ వైపు చెయ్యి చూపించాడు. "మా నాన్న" అన్నాడు.

"మా నాన్న" అంది ఊలమ్మ.

ఊలమ్మే ముందు అడిగింది. "వానాకాలం మీ ఇంట్లో ఉండేవాడా?"

"అవునండీ. మిగతా రోజులు కొండల్లో పని అనేవారు."

"నీకేమన్నా నేర్పాడా?"

"సైకిలు నేర్పారు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవారు."

మా ఊళ్ళో అంతా ఎగుడుదిగుడు, ఎవరికీ సైకిలు రాదు. అయినా ఊలమ్మకి ఆ క్షణాన లోకంలో ఉన్న సైకిళ్ళన్నిటి మీదా పళ్ళు నూరాలనిపించింది. తర్వాత, "మా అమ్మకి తెలియకూడదు. ఆయన తనొక్కదాన్నే చూశాడన్న మాట మీదే అమ్మ బతుకుతోంది. తెలిస్తే మంచం పడుతుంది. మా ఆయనకి అసలే వద్దు. ఆయనకి చెప్తే లోయలో మేకలకి కూడా చెప్పినట్టే" అంది. "రోజూ ఒక్కసారి వచ్చి నేను చెప్పిన మాట అరిచిపెట్టు. చాలు."

మర్నాటి నుంచి సీసాలాయన రోజూ సాయంత్రం బండ మీదికెక్కి అరవడం మొదలుపెట్టాడు. కొండ పలికేది వాళ్ళిద్దరికీ. కింద ఊరికి వినిపించేది ఆయన అరుపొక్కటే.

"పిట్టా! తిన్నావా?"

ముందుగా సెలూనాయన చెవిన పడింది. ఆయన సగం గడ్డం గీసిన మనిషిని అలాగే వదిలేసి రోడ్డు దాటాడు. "ఏం బ్రేకులన్నా, మీ ఆవిణ్ణి ఎవరో కొండ మీంచి తిన్నావా అని అడుగుతున్నారు. నువ్వెప్పుడైనా అడిగావా?"

"అది మీ ఆవిణ్ణేమో!"

"మా ఆవిడ ఇంట్లో ఉంది. తింటోంది. మీ ఆవిడెక్కడుంది?"

లారీ కింద పడుకున్న బ్రేకులాయన లేవబోయి తల కొట్టుకున్నాడు. ఆ పూట ఇంటికెళ్ళి, చెయ్యి కడుక్కోకుండానే భార్య ముందు నిలబడి, "తిన్నావా?" అన్నాడు.

ఊలమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఒంట్లో బాగాలేదా?"

మర్నాడు, "పిట్టా! చలిగా ఉందా?" ఆ మర్నాడు, "పిట్టా! పడిపోకు, మెల్లగా నడు!" బ్రేకులాయన భార్యని పెళ్ళయిన నాటి నుంచీ 'ఇదిగో' అనే పిలిచాడు. పిట్ట అని పిలవచ్చని ఆయనకి తట్టనే లేదు. అదొక మంట. దానికి తోడు ఊలమ్మ ఎవరి కొలతా తీసుకోకుండానే ఒక స్వెట్టరు మొదలుపెట్టింది. ఆవిడ లేనప్పుడు బ్రేకులాయన దాన్ని తొడుక్కుని చూశాడు. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. సీసాలాయన చేతులు ఎంత పొడుగో ఊరంతటికీ తెలుసు.

ఆ రోజే వ్యాన్ బ్రేకులు బాగైపోయాయి. ఊలమ్మ కొలత తియ్యకుండానే బండి తయారవడం రోడ్డు పుట్టాక అదే మొదటిసారి. అప్పటిదాకా సెలూనాయన మాట నమ్మనివాళ్ళు కూడా నమ్మేశారు.

"తాళాలివిగో, వెళ్ళిపోవచ్చు" అన్నాడు బ్రేకులాయన డాక్టరమ్మతో.

"ఇంకా సగం ఊరు ఉమ్మి ఇవ్వాలి కదండీ."

"ఆ సగం నేను తెస్తాను."

తెచ్చాడు. పొలాల్లోంచి, స్నానాల గదుల్లోంచి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బల్ల ముందు నిలబెట్టి, "ఉమ్మండి, త్వరగా" అన్నాడు. నోరు ఎండిపోయిందన్నవాళ్ళకి చింతపండు చూపించాడు. డాక్టరమ్మ ఆయన సేవాగుణానికి కరిగిపోయింది. "ఇంత సహకారం నేనెక్కడా చూడలేదు. చుట్టుపక్కల ఊళ్ళు కూడా ఇక్కణ్ణుంచే పూర్తిచేసుకుని వెళ్తాం" అంది.

బ్రేకులాయనకి ఇక దారి కనిపించలేదు. ఒంటరిగా బండ మీదికెక్కి నిలదీస్తే, "నీది ఎప్పుడూ ఉండే ఏడుపే" అంటుంది భార్య. సాక్షి ఉండాలి. ఊలమ్మ కాదనలేని సాక్షి. ఆలోచించి, లోకంలో ఉన్న మనుషులందరినీ వదిలేసి, సరిగ్గా ఎవరికైతే తెలియకూడదో ఆ మనిషి దగ్గరికే వెళ్ళాడు.

"అత్తయ్యగారూ!" అని చెవిలో అరిచాడు. "మీ అమ్మాయి కొండమీద ఎవడితోనో కబుర్లు చెబుతోంది!"

అత్తగారు పళ్ళెం పక్కన పెట్టింది. "నా పెంపకాన్ని అంటావా? మా ఆయన రక్తం అది. పద, నీ కళ్ళు తెరిపిస్తాను. నన్ను ఎత్తుకో."

అలా ఎత్తుకున్నాడు. ఊరంతా చూస్తుండగా, వీపు మీద అత్తగారితో, మెట్టు మెట్టుకీ రొప్పుతూ.

"ఏమిటా నడక? మా ఆయనైతే నన్నెత్తుకుని పరిగెత్తేవాడు."

"అప్పుడు మీరింత ఉండి ఉండరు."

"ఏమిటీ?"

"గాలండీ, గాలి."

బండ మీదికి వచ్చేసరికి సీసాలాయన వీళ్ళకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. పక్కన ఊలమ్మ, కళ్ళు మూసుకుని. బ్రేకులాయన తిట్టడానికి నోరు తెరిచాడు. ఇంతలో సీసాలాయన అరిచేశాడు. "పిట్టా! దుప్పటి కప్పుకున్నావా?"

అల్లుడి వీపు మీంచి అప్పుడే జారి, అత్తగారు అరికాళ్ళు బండకి ఆనించింది.

"పిట్టా! దుప్పటి కప్పుకున్నావా?" అంది కొండ. రెండు పొడి దగ్గులు దగ్గి, గొంతు సవరించుకుంది.

అత్తగారు ఇంకా అల్లుడి మెడ వదల్లేదు. ఆ పట్టు ఎంత బిగిసిందంటే ఆయన తిట్టాలనుకున్న తిట్లు లోపలే ఉండిపోయాయి. ఊలమ్మ కళ్ళు తెరిచి తల్లిని చూసింది. ఊలు ఉండ బండ మీంచి దొర్లుకుంటూ పోయింది.

"అమ్మా..."

"నువ్వాగు." అత్తగారు అల్లుణ్ణి వదిలి, మోకాళ్ళు కూడదీసుకుని సీసాలాయన ముందుకెళ్ళింది. తలెత్తి చూసింది. "చేతులు ఆయనవే. ఇంత పొడుగు చేతులు పెట్టుకుని రాళ్ళు తప్ప ఇంకేం పట్టుకోలేదనుకున్నాను. మీ అమ్మ ఉందా?"

"ఉందండీ."

"నాకంటే పొడుగా?"

"కాదండీ."

"జుట్టుందా ఇంకా?"

సీసాలాయన తటపటాయించాడు. "ఉందండీ. నడుం దాకా."

అత్తగారు తన తల తడుముకుంది. అక్కడ తడమడానికి పెద్దగా ఏమీ లేదు. "పళ్ళు?"

"పళ్ళు లేవండీ."

"అదొక్కటి నయం." ఆవిడ గొంతు తగ్గింది. "ఆవిణ్ణి ఏమని పిలిచేవాడు?"

సీసాలాయన చెప్పులు చూసుకున్నాడు. "ఏమోయ్ అనేవారండీ."

అత్తగారు, "పిలువు. ముందు నాకు" అంది.

"ఏమోయ్!" అని అరిచాడు సీసాలాయన. "ఏమోయ్!" అని కొండ పలికింది, దగ్గింది.

"ఇప్పుడు మీ అమ్మకి."

"ఏమోయ్!" అన్నాడు. "ఏమోయ్!" అంది కొండ. అదే సాగదీత. దగ్గు కూడా అక్కడే.

"మళ్ళీ నాకు. మళ్ళీ ఆవిడకి." అలా చీకటి పడేదాకా అరిపించింది. కింద ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు చేతిలో పని వదిలేసి గుమ్మాల్లోకి వచ్చి, "ఆఁ, ఏంటండీ?" అని ఇంట్లోకి తొంగి చూసుకున్నారు. మగవాళ్ళు, "నేను పిలవలేదే" అన్నారు.

చివరికి అత్తగారు బండ మీద చతికిలబడింది. "నీకేమన్నా తేడా తెలిసిందే?" అంది కూతురితో.

"లేదమ్మా."

"నాకూ తెలియలేదు. పొరపాటున నోరు జారకుండా ఇద్దరికీ ఒక్క పిలుపుతో సరిపెట్టాడు." కూతురి వంక ఓరగా చూసింది. "నీకు ఒక పేరన్నా పెట్టుకున్నాడు."

"నన్ను ఒరేయ్ అనేవారండీ" అన్నాడు సీసాలాయన, నెమ్మదిగా. ఆయన కూడా ఊలమ్మనే చూస్తున్నాడు.

బ్రేకులాయన మెడ రుద్దుకుంటూ అప్పటికి లెక్క తేల్చుకున్నాడు. "అయితే నువ్వు నాకు బావమరిదివా? ఆ ముక్క మొదటే చెప్పి ఏడవచ్చు కదయ్యా! అనవసరంగా పరుగుల మీద బండి బాగుచేసి, ఊళ్ళో నా పరువు తీసుకున్నాను!"

అత్తగారు మంచం పడుతుందని ఊరంతా అనుకున్నాం. సెలూనాయన అయితే వారం తిరక్కుండా పోతుందన్నాడు. ఆవిడ పడలేదు, పోలేదు. మర్నాడు మామూలుగానే గుమ్మంలో కూర్చుని నట్లు ఏరింది. డ్రైవర్లెవరితోనూ భర్త మాట ఎత్తలేదు. వ్యాన్ బయల్దేరే రోజున చూస్తే, చేతిసంచీతో ముందు సీట్లో కూర్చుని ఉంది.

"ఎక్కడికమ్మా?" అంది ఊలమ్మ.

"ఆ ఇంకో ఏమోయ్‌ని చూసొస్తాను. నడుం దాకా జుట్టంట" అంది.

మళ్ళీ రాలేదు. ఇద్దరు ఏమోయ్‌లూ తిట్టుకుంటారనుకున్నాం, కొట్టుకుంటారనుకున్నాం. మొదటి రోజు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదట. రెండో రోజు ఇద్దరూ కలిసి గోడ మీంచి ఆయన ఫోటో దింపేసి, ఆ మేకుకి అద్దం తగిలించుకున్నారట. ఇప్పుడు ఒకే గదిలో ఉంటున్నారు. ఫోన్ చేస్తే ఎవరు ఎత్తారో గొంతును బట్టి చెప్పడం కష్టంగా ఉందని ఊలమ్మ అంటోంది.